కనపడే అతుకు

దేవిశ్రీ మా షాపుకొచ్చిన మొదటి రోజే నా అతుకు మీద సుత్తి వేసింది.

మా షాపంటే జిలానీ బాషా గారి గ్రిల్స్ షాపు. పాత పోస్టాఫీసు వెనక సందులో ఉంటుంది. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు మా పని. ఆయన్ని నేను ఉస్తాద్ అంటాను. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. పని పూర్తయ్యాక కళ్ళు మూసుకుని అతుకుల మీద అరచెయ్యి పెట్టి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నిమురుతారు. ఎక్కడైనా చేతికి తగిలిందా, నోరు విప్పకుండా, అతుకుని అరగదీసే గ్రైండింగ్ మెషీన్ వైపు చూపిస్తారు. "అతుకు కనపడితే అది మన పని కాదు బేటా" అంటారు. ఎనిమిదేళ్ళుగా నేను చదువుకున్న చదువు అదే, అందులో నాకు ఫస్టు క్లాసు.

ఆ రోజు పొద్దున్నే ఒక ఎర్ర పాత కారు మా సందులోకి దూరింది. పైన వంచిన పైపులు కట్టి ఉన్నాయి. అందులోంచి ఒక అమ్మాయి దిగింది. మెడలో కంపెనీ ఐడీ కార్డు, కాళ్ళకి సేఫ్టీ బూట్లు, కళ్ళలో నిద్ర.

"ఇక్కడ సాయిశంకర్ ఎవరు?"

"నానే మేడం. గేటా, గ్రిల్లా?"

"కేజ్."

"సిలకలకా, కోళ్ళకా?"

"నాకు."

నేను ఉస్తాద్ వైపు చూశాను. ఆయన బీడీ కింద పెట్టేశారు.

అప్పుడు చెప్పింది. తను అచ్యుతాపురం సెజ్‌లో మందుల కంపెనీలో పని చేస్తుంది. ఇల్లు పెందుర్తి. జీతమంతా ఈ కారుకే పోస్తుంది. భోగాపురం వైపు మట్టి మైదానంలో కారు పందెం ఉంది, కారులో డ్రైవరు ఒక్కరే ఉండాలి. కారు తిరగబడితే టాపు నలిగి మనిషి మీద పడకుండా లోపల పైపులతో ఒక చట్రం కట్టాలి, దాన్నే కేజ్ అంటారు. పైపులు కోయంబత్తూరులో వంపించి తెప్పించింది. వెల్డింగ్ చేస్తానన్నవాడు గల్ఫ్ ఫ్లైటెక్కేశాడు. మెకానిక్ అర్జునరావు నా పేరు చెప్పాడట.

"పందెం ఎప్పుడండీ?"

"పదకొండు రోజులు. ముందు రెండు ముక్కలు అతికి సూపించు."

అతికాను. గ్రైండ్ చేసి ఇస్తానుండండి అనేలోపే పటకారుతో లాక్కుని, నీళ్ళ బకెట్లో ముంచి, బల్లకున్న వైస్‌లో బిగించి, మా పెద్ద సుత్తి తీసుకుంది. ఒకటి, రెండు, మూడు. పదో దెబ్బకి పైపు చపాతీ అయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏటండీ ఇది?"

"పెళ్ళిసూపులు" అంది, ముక్కని అటూ ఇటూ తిప్పి చూస్తూ. "పైపు నలిగిపోనాది, అతుకు ఊడలేదు. సంబంధం ఖాయం, మేస్త్రీ."

ఉస్తాద్ పకపకా నవ్వారు. నేను మాత్రం ఆ రోజంతా ఒక్క గేటు కూడా తిన్నగా అతకలేదు.

వెళ్తూ వెళ్తూ రూల్సు కాగితాలు ఇచ్చింది. పన్నెండు పేజీల ఇంగ్లీషు. బొమ్మలూ పైపు సైజులూ చూసి మిగతావి పెయింటు డబ్బా కింద పెట్టాను. ఆ పాపం తరవాత చెప్తాను.

మర్నాడు వాళ్ళ నాన్న వచ్చారు. సన్యాసిరాజు గారు పోర్టులో ట్రైలర్ డ్రైవరు. కూతురికి డ్రైవింగ్ నేర్పింది ఆయనే, కానీ పందెం పేరెత్తితే మొహం ముడుచుకుంటారట. ఘాట్ రోడ్డులో తిరగబడ్డ బళ్ళు ఆయన చాలా చూశారు. ఉస్తాద్ వేసిన స్టూలు మీద కూర్చుని పైపుల్ని చాలాసేపు చూసి, నన్ను ఒకే ఒక్క మాట అడిగారు.

"బాబూ, ఈ పైపులు నా కూతుర్ని కాత్తాయా?"

"కాత్తాయండి" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించలేదు.

ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. ఆ ఒక్క మాట మీదే దేవిశ్రీకి పర్మిషన్ వచ్చిందని ఆవిడే చెప్పింది. అది విన్నాక పైపులన్నీ మళ్ళీ ఒకసారి కొలిచాను.

పని మొదలైంది. సీట్లు, కార్పెట్టు, పెట్రోలు ట్యాంకు అన్నీ విప్పేశాం. నిప్పురవ్వలు తగలకుండా అద్దాలకి తడి గోనెసంచులు కప్పాం. పైపుల్ని లోపల తాత్కాలికంగా నిలబెట్టి, డ్రైవరు సీటు ఒక్కటి బిగించి, ఆవిణ్ణి హెల్మెట్ పెట్టుకుని కూర్చోమన్నాను. హెల్మెట్‌కీ పైపుకీ మధ్య కనీసం నాలుగు వేళ్ళ సందు ఉండాలి. నేను తలుపులోంచి వంగి, ఆ సందులో నాలుగు వేళ్ళూ పెట్టాను.

"పట్టినాయా?" అంది హెల్మెట్ లోంచి.

"పట్టినాయండి."

"మరి సెయ్యెందుకు వొణుకుతంది?"

"పొద్దున్న టీ తాగలేదండి."

"నాకెదురుగానే రెండు తాగినావ్ కదేటి."

చటుక్కున చెయ్యి తీసేసుకున్నాను. హెల్మెట్ అద్దం వెనక ఆవిడ కళ్ళు మాత్రమే కనిపించాయి. అవి నవ్వుతున్నాయి. మనిషి మొహం మొత్తం కనపడకపోతే ఇంత ప్రమాదమని నాకు ఆ రోజే తెలిసింది.

అసలు చిక్కు టాపు దగ్గర వచ్చింది. పై అతుకులకీ కారు టాపుకీ మధ్య చెయ్యి దూరదు. దేవిశ్రీయే ఫోన్లో వీడియో చూపించింది. పైపుల కాళ్ళు దిగేచోట ఫ్లోరుకి కన్నాలు కోసి, కేజ్ మొత్తాన్ని కిందకి దించి, పై అతుకులు చుట్టూ వెల్డింగ్ చేసి, మళ్ళీ పైకి లేపి, కాళ్ళ కింద ప్లేట్లు పెట్టి అతికెయ్యాలి. ఒకసారి లేపాక ఆ పై అతుకుల్ని ఇంక ఎవరూ చూడలేరు.

"ఎవుడూ సూడలేని పని నీకిత్తన్నాను మేస్త్రీ" అంది. "మూడ్రోజులు నాకు డబుల్ డ్యూటీ. గురువారం ఒత్తాను."

ఆ మూడు రోజులూ నేను ప్రాణం పెట్టి పనిచేశాను. ఎవరూ చూడని చోట కూడా ఉస్తాద్ చేతికి తగలకూడదన్నంత పట్టుదలతో చేశాను. అతికిన ప్రతి అతుకునీ గ్రైండ్ చేశాను, పైవాటితో సహా. తెల్ల పెయింటు కొట్టాను. ఉస్తాద్ కళ్ళు మూసుకుని నిమిరారు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. "షాబాష్" అన్నారు. ఎనిమిదేళ్ళలో రెండోసారి.

గురువారం సాయంత్రం దేవిశ్రీ వచ్చి, కారులో తల పెట్టి, అలాగే ఉండిపోయింది.

"ఎక్కడ అతికినావో తెలీట్లేదు" అంది నెమ్మదిగా. "ఇంత అందంగా సేసినావేటి?"

"మా షాపు పద్ధతండి."

"అండీ గిండీ ఒగ్గీ. దేవీ అను."

అనలేకపోయాను. ఆవిడ వెళ్ళాక నూకాలు హోటల్లో టీ తాగుతూ పదిసార్లు అని చూసుకున్నాను.

శుక్రవారం సాయంత్రం కారు తీసుకెళ్ళాలి. శనివారం ఐదింటిలోపు స్క్రూటినీ, అంటే కారు అన్నివిధాలా రూల్సు ప్రకారం ఉందా లేదా అని చూసే పరీక్ష. ఆదివారం పందెం. శుక్రవారం పొద్దున నాకేం పని లేదు. పని లేకపోతే భయం వస్తుంది. సన్యాసిరాజు గారి మాట చెవిలో తిరుగుతూనే ఉంది. కాత్తాయా? కాత్తాయా?

మనసు కుదుట పడుతుందని మిగిలిన పైపు ముక్కలు రెండు అతికాను. కేజ్‌లో చేసినట్టే నున్నగా గ్రైండ్ చేశాను. వైస్‌లో బిగించి సుత్తి తీసుకున్నాను.

మూడో దెబ్బకి అతుకు నోరు తెరిచింది.

ఇంకోటి అతికాను. గ్రైండ్ చేశాను. నాలుగో దెబ్బకి ఊడింది. మూడోది గ్రైండ్ చెయ్యకుండా కొట్టాను. పదిహేను దెబ్బలైనా ఊడలేదు. అందం కోసం అతుకు బలాన్నంతా అరగదీశానని అప్పుడర్థమైంది. పెయింటు డబ్బా కింద కాగితాలు లాగాను. ఏడో పేజీలో ఉంది, నాలాంటివాడికి కూడా అర్థమయ్యే ఇంగ్లీషులో. వెల్డింగ్‌ని గ్రైండ్ చెయ్యకూడదు. ఆ వాక్యం మీద డబ్బా అడుగు తెల్లగా గుండ్రంగా అచ్చుపడి ఉంది.

స్టూలు మీద కూలబడ్డాను.

ఒక్క మాట నిజం చెప్పాలి. ఊరుకుందామా అని కూడా అనిపించింది. పెయింటు వేసేశాం, పరీక్ష చేసేవాడికి తెలీకపోవచ్చు. అందరి కార్లూ తిరగబడవు. చెప్తే పందెం పోతుంది, వాళ్ళ నాన్న నమ్మకం పోతుంది, ఆవిడ మళ్ళీ ఈ సందులోకి రాదు. ఇవన్నీ అనుకున్నాను. ఆ తెల్ల పైపుల కింద ఆవిడ హెల్మెట్ గుర్తొచ్చింది. ఇంక ఏమీ అనుకోలేదు.

నాలుగింటికి తండ్రీ కూతురూ స్కూటర్ మీద వచ్చారు. దేవిశ్రీ పకోడీ పొట్లం కూడా తెచ్చింది. నేను ఊడిన ముక్కని చేతిలో పట్టుకుని ఎదురెళ్ళాను.

"ఆ రోజు నాను సెప్పింది తప్పండి" అన్నాను సన్యాసిరాజు గారితో. "ఈ కేజ్ కాయదు."

మొత్తం చెప్పాను. దేవిశ్రీ ముక్కని తీసుకుని పగులు మీద వేలు పెట్టి చూసింది.

"నిన్న నాను అందంగా ఉందన్నప్పుడు నీకు తెల్సా?"

"తెలీదు. ఈ రోజే తెల్సింది."

"రేపు అయిదుకి స్క్రూటినీ. ఏడాది బట్టి సూత్తన్నాను ఈ పందెం కోసం."

"తెల్సు."

"పెయింటు కింద ఎవుడు సూత్తాడు? ఎందుకు సెప్పినావ్ మరి?"

"దాని కింద కూసునేది నువ్వు కదా, దేవీ."

అదే మొదటిసారి అలా పిలవడం. ఇలాంటి సందర్భంలో పిలుస్తానని కలలో కూడా అనుకోలేదు. ఆవిడ పకోడీ పొట్లం బల్ల మీద పెట్టి అటు తిరిగిపోయింది. సన్యాసిరాజు గారు బయటికి నడిచారు. స్కూటర్ స్టార్టయింది. ఆవిడా వెనకాల ఎక్కింది. వెళ్ళిపోయారు.

నేను పకోడీ పొట్లం వంక చూస్తూ నిలబడ్డాను.

"నిలబడితే కేజ్ దిగుతాదా బేటా?" అన్నారు ఉస్తాద్. ఆయన అప్పటికే లుంగీ పైకి కట్టారు. "తప్పు నీదొక్కడిదే కాదు. ఈ చెయ్యి కూడా షాబాష్ అంది కదా. ముప్పై ఏళ్ళు గేట్లు నిమిరిన చెయ్యి, దానికి గేటే తెలుసు."

కాళ్ళ ప్లేట్లు కొయ్యడం మొదలెట్టాను. ఆవిడ రాకపోయినా సరే, కేజ్ సరిగ్గా ఉండాలనుకున్నాను. ముప్పావు గంట తర్వాత సందులో ఆటో ఆగింది. సన్యాసిరాజు గారు దిగి, బరువులు దించే చైన్ బ్లాక్ ఒకటి మా ముందు పెట్టారు.

"పోర్టులో స్నేహితుడి కాడ తెచ్చినాను" అన్నారు. "సేతుల్తో దించితే రేపటికి తెమలదు."

వెనక దేవిశ్రీ పాత చొక్కా వేసుకుని, జుట్టు ముడేసుకుని వచ్చింది. నా వైపు చూడకుండానే అంది, "ఆ కాయితం నానూ పూర్తిగా సదవలేదు. పైపు సైజులు సూసి ఒగ్గీసినాను. గోనెసంచులెక్కడ?"

ఆ సాయంత్రమే కేజ్ దించి, అతుకుల మీద పెయింటు గీకేశాం. శనివారం ఆరింటికే వెల్డింగ్ మొదలెట్టాను. పై అతుకులన్నీ అయ్యాయి, ఉస్తాద్ చైన్ లాగి కేజ్ లేపారు. పదకొండున్నరకి వాన మొదలైంది. పదకొండూ నలభైకి కరెంటు పోయింది.

ఇంకా కాళ్ళూ, నడుం దగ్గర అడ్డు పైపూ మిగిలాయి. ఉస్తాద్ నమాజుకి వెళ్ళారు. సన్యాసిరాజు గారు గొడుగేసుకుని కరెంటాఫీసుకి వెళ్ళారు. రేకుల మీద వాన దరువేస్తోంది. చెయ్యడానికేం లేక దేవిశ్రీ డ్రైవరు సీట్లో కూర్చుంది. నేను పక్కన సీటు లేని చోట నేల మీద కూర్చున్నాను.

"రాదేమో" అంది.

"ఒత్తాది."

"ఆ రోజు నాన్నతో కూడా అలాగే అన్నావ్."

నేను మొహం అటు తిప్పుకున్నాను. ఆవిడ నవ్వింది. "అలగొద్దు. నాకు కోపం నీ మీద కాదు. రెండు నిమిషాలు నాకూ అనిపించినాది, నువ్వు సెప్పకుండా ఉంటే బాగుణ్ణని. స్కూటర్ మీద ఎల్తంటే నా మీద నాకే బయమేసింది."

"నాకూ అనిపించినాది, సెప్పకుండా ఉందామని."

"ఎన్ని నిమిషాలు?"

"పదుంటాయి."

"నాకన్నా ఎనిమిది ఎక్కువ." పిడికిలితో నా భుజం మీద చిన్నగా కొట్టింది. "రేపు తిరగబడితేనో, శంకర్?"

మేస్త్రీ కాస్తా శంకర్ అయ్యాడు. ఈసారి నోరు జారలేదు. ఆలోచించి చెప్పాను. "నా సేతనైనంత బలంగా అతికినాను. అంతకుమించి నాకు తెలీదు. తిరగబడకు."

ఒంటిగంటన్నరకి బల్బు వెలిగింది. ఇద్దరం ఒకేసారి లేచి, ఒకే పైపుకి తలలు కొట్టుకున్నాం.

మూడింటికి ఆఖరి అతుకు. చల్లారీ చల్లారకుండానే పెట్రోలు ట్యాంకు బిగించాం, దేవిశ్రీ స్టీరింగ్ పట్టింది. మద్దిలపాలెం జంక్షన్లో బస్సుల మధ్య ఇరుక్కుని నిమిషాలు లెక్కపెట్టాం. మైదానం చేరేసరికి ఐదుకి ఆరు నిమిషాలు తక్కువ.

పరీక్ష చేసే గురునాథరావు గారు టార్చీ, చిన్న అద్దం పట్టుకుని కారులో దూరారు. చెయ్యి అందే ఒక్కో అతుకు మీద వేలు పెట్టి చూశారు. ప్రతిచోటా ఆయన వేలు ఆగుతుంటే, అలవాటు ప్రకారం నా ప్రాణం విలవిల్లాడింది.

"ఎవరు చేశారు?"

"నానే సార్."

"చూడ్డానికి బాలేదు. రూల్సు ప్రకారం బాగుంది" అని స్టిక్కరు అంటించారు. జీవితంలో నాకొచ్చిన మెప్పుల్లో అదే గొప్పది.

ఆదివారం ఎండ కాసింది గానీ మట్టి ఇంకా తడిగానే ఉంది. దేవిశ్రీ వంతు వచ్చేసరికి సన్యాసిరాజు గారు జనం దాటకుండా కట్టిన తాడు పట్టుకుని నిలబడ్డారు. నేను ఆయన పక్కన. మొదటి రౌండు బాగా తిరిగింది. రెండో రౌండు టైము మైకులో చదివితే జనం ఈలలేశారు. మూడో రౌండు, ఆఖరి మలుపు. వెనక చక్రాలు బురదలో జారాయి, పక్క చక్రం మట్టిగట్టు ఎక్కింది, ఎర్ర కారు నింపాదిగా, ఎవరో చేత్తో తిప్పినట్టు, బోర్లా పడింది.

సన్యాసిరాజు గారు తాడు పట్టుకునే ఉండిపోయారు. నా కాళ్ళు మాత్రం ఆగలేదు. తాడు దాటి పరిగెత్తాను. వెనక ఎవరో అరుస్తున్నారు. బురదలో రెండుసార్లు పడ్డాను. దేవుడా, కాయాలి, కాయాలి, ఇంకేం అడగను అనుకుంటూ కిటికీ దగ్గర పొట్ట మీద పడుకుని లోపలికి చూశాను.

బెల్టులకి తలకిందులుగా వేలాడుతోంది. హెల్మెట్‌కీ పైపుకీ మధ్య సందు అలాగే ఉంది.

"దేవీ!"

"శంకర్" అంది. గొంతు మామూలుగానే ఉంది. "నీ అతుకు నాకు కనపడతంది."

అప్పటిదాకా పట్టుకున్న ఏడుపు ఒక్కసారి తన్నుకొచ్చింది. బురదలో పడుకునే చెప్పేశాను. "నువ్వంటే నాకు పేనం. సుత్తేసిన రోజు బట్టి."

"తలకిందులుగా ఉన్నోళ్ళని ఇలాటియి అడగకూడదు. తిన్నగా నిలబడ్డాక సెప్తాను."

మైదానంలో కాపలా ఉండే మార్షల్స్ వచ్చి నన్ను లాగేశారు, ఆవిణ్ణి జాగ్రత్తగా దింపారు. తిన్నగా నిలబడింది. హెల్మెట్ తీసింది. చెంప మీద మట్టి. ముందు వాళ్ళ నాన్నని గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత ఆయన భుజం మీంచి నన్ను చూసి, అవునని తల ఊపింది.

పందెంలో మాకేం రాలేదు. బోర్లా పడ్డవాళ్ళకి బహుమతులివ్వరు.

గురువారం కారు మళ్ళీ మా షాపులో ఉంది. టాపు నలిగి సరిగ్గా పైపుల దగ్గరే ఆగిపోయి ఉంది. సన్యాసిరాజు గారు స్టూలు మీద కూర్చుని దాన్ని చాలాసేపు చూశారు. లేచి, ఉస్తాద్‌లాగే కళ్ళు మూసుకుని, నడుం పైపు అతుకు మీద చెయ్యి పెట్టి నిమిరారు. చెయ్యి ఆగింది. అక్కడే ఉంచారు.

"బాబూ, మీ అమ్మా నాన్నా ఎక్కడుంటారు?"

"గోపాలపట్నం అండి."

"వొచ్చే ఆదివారం ఇంట్లో ఉండమను. మేం ఒత్తాం." కళ్ళు తెరిచి కారులోకి చూశారు. "ఇద్దరు కూసునే పందేలు కూడా ఉన్నాయంట. ఈ పక్క సీటు బిగించొచ్చా?"

"బిగించొచ్చండి."

"అయితే బిగించు. దీన్ని ఒక్కదాన్నీ పంపితే నా గుండె ఆగేలా ఉంది."

ఉస్తాద్ గబగబా బయటికెళ్ళి నూకాలు హోటలుకి టీలు కేకేశారు. దేవిశ్రీ తన హెల్మెట్ తెచ్చి నా తలకి తొడిగింది. కారులో డ్రైవరు పక్క ఖాళీలో ఉస్తాద్ స్టూలు పెట్టి, దాని మీద నన్ను కూర్చోబెట్టింది. తలుపులోంచి వంగి, హెల్మెట్‌కీ పైపుకీ మధ్య నాలుగు వేళ్ళూ పెట్టింది.

"పట్టినాయా?" అన్నాను.

"పట్టినాయి."

"మరి సెయ్యెందుకు వొణుకుతంది?"

"పొద్దున్న టీ తాగలేదు" అంది దేవి. చెయ్యి మాత్రం తియ్యలేదు.